ఫ్రెడరిక్ గొప్పవాడా, మార్ల్‌బరోనా?

ప్రశ్న: బొబ్బిలి యుద్ధంలో బుస్సీ ఫిరంగుల గురించి మా ఊళ్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆ రోజుల్లో యూరప్‌లో అందరికంటే గొప్ప సేనాపతి ఎవరండీ? మా మాస్టారు ఫ్రెడరిక్ అంటారు.
- ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: మీ మాస్టారి మాటలో బలం ఉంది. బొబ్బిలి కోట కూలిన 1757లోనే, డిసెంబరులో, ప్రష్యా రాజు ఫ్రెడరిక్ లూథెన్ దగ్గర తనకు దాదాపు రెట్టింపు ఉన్న ఆస్ట్రియా సైన్యాన్ని ఓడించాడు. శత్రువు కుడివైపు కొడుతున్నట్టు నమ్మించి, గుట్టల చాటున దళాలను నడిపించి ఎడమవైపు విరుచుకుపడ్డాడు. అయితే అదే ఏడాది జూన్‌లో కొలిన్‌లో, 1759లో కూనర్స్‌డార్ఫ్‌లో ఘోరంగా ఓడిపోయాడు కూడా.

బొబ్బిలి రోజులకంటే వెనక్కి వెళ్తే, స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్‌ను వదలలేం. తేలిక ఫిరంగులను కాల్బలంతో కలిపి నడిపి 1631లో బ్రైటెన్‌ఫెల్డ్ గెలిచాడు, మరుసటి ఏడాదే లుట్జెన్‌లో 37 ఏళ్లకే చనిపోయాడు.

నా ఓటు మాత్రం ఇంగ్లండ్ సేనాని మార్ల్‌బరోకే. 1704లో డాన్యూబ్ నది దాకా వందల కిలోమీటర్లు సైన్యాన్ని నడిపించాడు, అదీ తెల్లవారకముందే బయలుదేరి ఎండ ముదిరేలోపు ఆపేస్తూ, దారిలో తిండి, కొత్త బూట్లు ముందే సిద్ధం చేయించి. సైనికుడి కడుపు, కాళ్ల గురించి అంతగా ఆలోచించినవాడు నాకు అందరికంటే ఎక్కువ నచ్చుతాడు. ఆ తర్వాతే ఆస్ట్రియా సేనాని యూజీన్‌తో కలిసి బ్లెన్‌హైమ్‌లో ఫ్రెంచి, బవేరియా సేనలను చిత్తుచేశాడు. 1709లో మాల్‌ప్లాకేలో మాత్రం గెలిచిన ఆయన వైపే ఎక్కువమంది పడిపోయారు, అది కూడా లెక్కలో వేసుకోవాలి.