మేళం కట్టనివ్వని కూతురు

విజయనగరం

చి. అమ్మడికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి చదివాను. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే అయ్య పోవడం, ప్రాణం తీసుకెళ్లడానికొచ్చిన యమభటుడు వీణ విని కదల్లేక ఆ ఇంట్లోనే చేరిపోవడం ఎంత బాగున్నాయో! సరళీస్వరాలు నేర్పమని వాడు ఆ ఇంటి చిన్నపిల్ల వెంటపడుతుంటే పగలబడి నవ్వాను.

కానీ ఆరో అధ్యాయంలో నవ్వు మొత్తం ఆపేసి ఏడిపించావు. ఏడులో మళ్లీ నవ్వించావు. దుఃఖాన్ని వేరే గదిలో పెట్టి తలుపేసినట్టుంది. మనిళ్లలో అలా జరగదమ్మా. పెద్దకర్మ నాడు పులుసులో బెల్లం ఎక్కువైందని పిన్నీ మావయ్యా గొడవపడతారు. ఆ గొడవ రోజూ పెట్టుకునేది పోయినాయనే కదా అని ఎవరికో గుర్తొస్తుంది. అంతే, ఇల్లంతా నవ్వుతూనే ఏడుస్తుంది.

మన పైడితల్లమ్మ సంగతే చూడు. 1757 బొబ్బిలి యుద్ధంలో అన్న, విజయనగరం రాజు విజయరామరాజు పోయాడని తట్టుకోలేక ప్రాణం విడిచిన చెల్లెలని మన నమ్మకం. ఆ తల్లి జాతరలోనే పూజారిని పొడవాటి మాను కొసన కూర్చోబెట్టి సిరిమాను తిప్పుతాం, అరటిపళ్లు విసురుతాం. తెల్ల ఏనుగు రథం, బెస్తవారి వల ముందు నడుస్తుంటే పిల్లలు కేకలేస్తారు.

నీ కథకు కావలసింది వీణలోనే ఉంది. బొబ్బిలి వీణను ఒకే పనసమానులోంచి తొలుస్తారు. మైనంలో బొగ్గుపొడి కలిపి, తీగల కింద 24 మెట్లనూ చెవితో విని ఒక్కొక్కటే నిలబెడతారు. దాన్నే మేళం కట్టడం అంటారు. అంటే ఆ మైనంలో ఉన్నది అయ్య చెవి. ఎండలకు మైనం మెత్తబడి మెట్లు జరిగితే మళ్లీ మేళం కట్టాలి, పాత మైనం తీసెయ్యాలి. పెద్దకూతుర్ని దానికి ఒప్పుకోనివ్వకు. గంటస్తంభం తాళం తప్పడం, పెద్దచెరువులో కప్పలు కల్యాణి రాగం పాడటం, నువ్వు రాసిన వింతలన్నీ ఆ శ్రుతి తప్పిన వీణ వల్లే పుట్టాలి. తమ్ముడు వచ్చి "ఊరంతా ఎర్రెక్కిపోతంది, మేళం కట్టించీ అప్పా" అని బతిమాలతాడు. "అయ్య కట్టింది నానిప్పన్రా" అంటుందామె. ఆ మాటకు నవ్వొస్తుంది, గొంతూ పట్టేస్తుంది. అప్పుడిక ఏడిపించడానికి విడిగా అధ్యాయం అక్కర్లేదు.

ఇంకొకటి గట్టిగా చెబుతున్నాను. వీణకు మాటలొచ్చాయి, సరే. అయ్య గొంతు మాత్రం రానివ్వకు. పదో అధ్యాయంలో ఆయన వీణలోంచి పలకరించగానే ఆ పిల్లలు ఏమీ పోగొట్టుకోనట్టే అయిపోయింది. నీ మాయ ఊరిని తలకిందులు చెయ్యొచ్చు, యముణ్ణి తికమకపెట్టొచ్చు, పోయినాయన్ని మాత్రం తేకూడదు.

ఒకసారి గొల్లపల్లి వెళ్లి, మేళం కడుతుంటే ఓ పూట పక్కన కూర్చో. మెట్టు ఎంత జరిపితే స్వరం ఎలా మారుతుందో నీ చెవితో విను. ఆరు నుంచి పది దాకా తిరగరాసి దసరాలోగా పంపు. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ మేలు కోరే
పెద్దమ్మ