సింకు కింద తలుపు

చిట్టీ,

శనివారం కుక్కపిల్లని తెచ్చుకుంటున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చిన్నప్పుడు బల్లిని చూసి నా కొంగు పట్టుకున్న పిల్లవి, ఇప్పుడో ప్రాణాన్ని సాకుతానంటున్నావు. చాలా గర్వంగా ఉంది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు మీ సింకు కింద ఎలుకల మందు పొట్లం చూశాను. ఆ రోజే బయట పారేయించాల్సింది.

తేలికవి ముందు చెప్పేస్తా. చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్, ఉల్లి, వెల్లుల్లి పెట్టకు. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ దానికి అందేచోట ఉంచకు. కలరా ఉండలు నేల మీద పడనీయకు. ఫినాయిల్ తుడిచిన నేల ఆరాకే లోపలికి రానివ్వు. బాల్కనీలో ఆ గన్నేరు కుండీ ఎవరికైనా ఇచ్చెయ్. మీ పిల్లి సంగతి వేరే. కుక్కల పిడుదుల మందు దానికి రాయకు. వేడిగా ఉందని పారాసెటమాల్ అసలే వేయకు, ఒక్క మాత్ర చాలు పిల్లి ప్రాణం పోవడానికి.

ఇక ఎలుకల మందు. ఇది కూర్చుని చదువు.

నువ్వు పుట్టకముందు మాకు రాజు అని ఒక కుక్క ఉండేది. ఆ ఏడు వడ్ల బస్తాలన్నీ ఎలుకలు కొరికేస్తున్నాయి. మీ మామయ్య ఊళ్ళో లేరు. నేనే కొట్టుకెళ్ళి ఆకుపచ్చ బిళ్ళలు తెచ్చి బస్తాల వెనక పెట్టాను. అంత సందులోకి రాజు దూరడనుకున్నాను. ధాన్యంతో చేసే బిళ్ళలవి, ఎలుకకి రుచించేది కుక్కకీ రుచిస్తుందని తట్టలేదు. మధ్యాహ్నానికి చూస్తే కవరు చిరిగి ఉంది, వాడి మూతికి పచ్చటి పొడి. పక్కింటావిడ ఉప్పునీళ్ళు పట్టమంటే పట్టాను. కొంచెం కక్కాడు. పాలు పోస్తే తాగాడు. సాయంత్రం తోకూపుతూ గుమ్మం దాకా వచ్చాడు. పశువుల డాక్టరు పక్క ఊళ్ళో ఉంటారు. బాగానే ఉన్నాడుగా, రేపు చూద్దాంలే అనుకున్నాను. మర్నాడూ అన్నం తిన్నాడు.

మూడో రోజు లేవలేదు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ముక్కులోంచి నెత్తురు. రిక్షాలో ఒళ్ళో పడుకోబెట్టుకుని వెళ్ళాను. దారిలో ఒకసారి నా చెయ్యి నాకాడు, అంతే.

డాక్టరుగారు నన్ను తిట్టలేదు. మొన్ననే తెచ్చుంటే బతికేవాడమ్మా అన్నారు. ఆ మందు నెత్తురు గడ్డకట్టనివ్వదట. గడ్డకట్టించే పదార్థం ఒంట్లో అప్పటికే కొంత ఉంటుంది, అది అయిపోవడానికి రెండు రోజుల నుంచి ఐదు రోజులు పడుతుంది. అందాకా కుక్క మామూలుగా తిరుగుతూనే ఉంటుంది. విటమిన్ కె1 దానికి విరుగుడు, వారాల తరబడి మానకుండా వేయాలి. నేను పట్టిన ఉప్పునీళ్ళు కూడా తప్పేనట, ఉప్పు ఎక్కువైతే అదే విషమవుతుంది.

అందుకని చిట్టీ, తిన్నదని అనుమానం వచ్చినా చాలు, నీరసపడేదాకా చూడకు. ఆ నిమిషమే డాక్టరుకి ఫోన్ చెయ్. ఏం తిన్నది, ఎంత, ఎప్పుడు, దాని బరువెంత, ఇవి చెప్పు. మందు కవరు వెంట తీసుకెళ్ళు, ఏ మందో తెలిస్తేనే వైద్యం. ఎలుకల మందుల్లో నల్లపొడి, అదే జింక్ ఫాస్ఫైడ్, ఇంకా చెడ్డది. గంటల్లోనే తిప్పుతుంది, దానికి విరుగుడు లేదు. కడుపులో విషవాయువు పుడుతుంది కాబట్టి కారు అద్దాలు దించి తీసుకెళ్ళు. నీ అంతట నువ్వు కక్కించకు. బాత్రూమ్ యాసిడో కిరోసినో తాగితే అసలే వద్దు, పైకొచ్చేటప్పుడు గొంతు మళ్ళీ కాలుతుంది, ఊపిరితిత్తుల్లోకీ పోతుంది.

మా ఊళ్ళో 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది. మీ దగ్గర రాత్రిళ్ళు తెరిచి ఉండే క్లినిక్ ఎక్కడుందో శుక్రవారంలోపే కనుక్కుని, నంబరు ఫ్రిజ్ మీద అంటించు. సెల్లార్‌లో మందు పెడుతున్నారేమో వాచ్‌మన్‌ని అడుగు. మందు తిని చచ్చిన ఎలుకని కుక్క కొరికినా ప్రమాదమే. మీ ఇంట్లో ఎలుకలకి బోను పెట్టు, నేను తెస్తాను.

కోప్పడుతున్నానని అనుకోకు తల్లీ. ఆదివారం పొద్దున్న బండికి వస్తున్నా. దాని కోసం పాత దుప్పటి ఉతికి ఆరేశాను. రాగానే ముందు సింకు కింద తలుపు తీస్తాను, ఆ తర్వాతే దాన్ని ఎత్తుకుంటాను.

మీ అత్తయ్య