టెక్ సందేహాలు: టోరెంట్ మీ గదిలో, కనెక్షన్ ఓనరు గారి పేరు మీద

ప్రశ్న: ఎచ్చెర్లలో నలుగురం గది తీసుకుని చదువుకుంటున్నాం. వైఫై ఇంటి ఓనరు గారి పేరు మీద ఉంది, మేం నెలనెలా డబ్బులిస్తాం. ఈ మధ్య ఒక వెబ్ సిరీస్ మొత్తం టోరెంట్‌లో దించాం. 'మనం చూసుకోడానికే కదా, అమ్ముతున్నామా' అంటాడు ఒక ఫ్రెండ్. ఇంకొకడు వీపీఎన్ వేసుకుంటే చాలంటాడు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట కరెక్టు సార్?
– డిగ్రీ విద్యార్థి

జవాబు: టెన్షన్ పడుతున్నారంటేనే మీరు సరిగ్గా ఆలోచిస్తున్నారు. మీ ఫ్రెండ్స్ ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. టోరెంట్‌లో మీరు దించుకోవడమే కాదు, అదే సమయంలో పంచుతున్నారు కూడా. 2001లో బ్రామ్ కోహెన్ బిట్‌టోరెంట్‌ను తయారుచేసిందే అలా. ఫైలు ఒక పెద్ద సర్వర్ నుంచి రాదు, ముక్కలు ముక్కలుగా మీలాంటి వాళ్ల కంప్యూటర్ల నుంచి వస్తుంది. మీ దగ్గరకు చేరిన ముక్క వెంటనే ఇంకొకరికి పోతుంటుంది. మీరు ఎపిసోడ్ చూసి పడుకున్నాక కూడా ప్రోగ్రామ్ మూసేయకపోతే తెల్లారేదాకా పోతూనే ఉంటుంది.

టోరెంట్ పద్ధతి తప్పేం కాదు. ఉబుంటు, డెబియన్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లను వాటి తయారీదారులే టోరెంట్‌లో ఇస్తారు. ఒకసారి ఉబుంటు టోరెంట్ పెట్టి, క్యూబిట్‌టోరెంట్ అనే టోరెంట్ ప్రోగ్రామ్‌లో ఆ ఫైలు మీద నొక్కి, కింద 'పీర్స్' అన్న ట్యాబ్ తెరవండి. వరుసగా ఐపీ అడ్రసులు (ఒక్కో నెట్ కనెక్షన్‌ను గుర్తించే నంబర్లు), పక్కన దేశాల జెండాలు, ఎవరు ఏ ప్రోగ్రామ్ వాడుతున్నారో, ఎవరికి ఎంత శాతం దిగిందో అన్నీ కనిపిస్తాయి. వాళ్లు మీకు ఎలా కనిపిస్తున్నారో మీరూ వాళ్లకు అలాగే కనిపిస్తున్నారు. దీనికి హ్యాకింగ్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. నిర్మాణ సంస్థలు నియమించుకున్న కంపెనీలు చేసేది కూడా ఇంతే. మామూలు మనుషుల్లా ఆ గుంపులో చేరి, ఏ ఐపీ నుంచి ఏ సమయానికి ఏ ఫైలు వచ్చిందో రాసుకుంటాయి.

ఆ ఐపీ ఎవరిదని పోలీసులో కోర్టో అడిగితే నెట్ కంపెనీ తన రికార్డు చూసి చెబుతుంది. ఒకే ఐపీని చాలా ఇళ్లకు కలిపి ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. అయినా సమయాన్నీ, పోర్టు నంబరునూ (ఒకే ఐపీని పంచుకునేవాళ్లను వేరుచేసే అంకె) బట్టి కనెక్షన్ ఎవరిదో తేల్చే వీలుంది. అలా తేలేది మీ పేరు కాదు, ఓనరు గారి పేరు. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. దించింది మీరు నలుగురు, మొదట జవాబు చెప్పుకోవాల్సింది మాత్రం మీ మీద నమ్మకంతో రూటర్ పాస్‌వర్డ్ ఇచ్చిన పెద్దాయన. అది న్యాయం కాదు.

ఇక చట్టం. 1957 కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 63 ప్రకారం తెలిసి కాపీరైట్‌ను ఉల్లంఘించినా, అందుకు సాయపడినా ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. వ్యాపారంలో లాభం కోసం చేయలేదని తేలితే, తగిన కారణాలు తీర్పులో రాసి కోర్టు శిక్ష తగ్గించవచ్చు. మీ ఫ్రెండ్ మాటలో ఉన్న నిజం ఆ మేరకే. తగ్గించడం వేరు, నేరమే కాదనడం వేరు. పైగా ఈ సెక్షన్ కింద పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చని, ఇది బెయిలు హక్కుగా దొరికే నేరం కాదని 2022 మేలో సుప్రీంకోర్టు చెప్పింది.

మిమ్మల్ని ఊరికే భయపెట్టను. మన దేశంలో కేసులు ఎక్కువగా సైట్లు నడిపేవాళ్ల మీద, కొత్త సినిమాలు మొదట బయటపెట్టేవాళ్ల మీదే పడుతున్నాయి. గదిలో కూర్చుని దించుకున్న విద్యార్థి మీద పడటం అరుదు. కానీ మన శ్రీకాకుళం పిల్లలు పై చదువులకని జర్మనీ వెళ్తున్నారు కదా, అక్కడ సంగతి వేరు. ఒక్క సినిమా టోరెంట్‌లో దించినా లాయర్ల నుంచి వందల యూరోలు కట్టమని ఉత్తరం రావచ్చు. ఇక్కడ అలవాటైన చెయ్యి అక్కడికెళ్లాక ఊరుకోదు. మీ సీనియర్లు ఎవరైనా వెళ్తుంటే ఈ మాట తప్పకుండా చెప్పండి.

వీపీఎన్ అంటే మీ నెట్‌ను వేరే కంపెనీ సర్వర్ మీదుగా పంపే సేవ. అది మీ ఐపీని గుంపు నుంచి దాస్తుంది గానీ నేరాన్ని మార్చదు. నెట్ కంపెనీకి కనిపించేది ఇప్పుడు వీపీఎన్ కంపెనీకి కనిపిస్తుంది, అంతే తేడా. వినియోగదారుల వివరాలు అయిదేళ్లు దాచాలని 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించాక కొన్ని పెద్ద కంపెనీలు మన దేశంలోని సర్వర్లే తీసేశాయి. ఉచిత వీపీఎన్ అయితే అసలు వద్దు. దాని ఖర్చు ఎవరో ఒకరు భరించాలి కదా, ఆ డబ్బు చాలాసార్లు మీ సమాచారంలోంచే వస్తుంది.

దించినవి తీసేయండి, టోరెంట్ ప్రోగ్రామ్‌లో సీడింగ్ (మీరు ఇతరులకు పంచుతున్న ఫైళ్ల) జాబితా ఖాళీ చేయండి. విండోస్ 11లో ఫోల్డర్ తెరిచి వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేయండి. ఎపిసోడ్ పేరు చివర .ఎంపీ4 తర్వాత .ఈఎక్స్ఈ కనిపిస్తే అది వీడియో కాదు, నొక్కకుండా తొలగించండి. నలుగురూ కలిసి ఒక ఓటీటీ ప్లాన్ తీసుకుంటే మనిషికి పడేది తక్కువే. ఒక ఖాతా ఎంతమంది వాడవచ్చో నిబంధనలు చూసి తీసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఏదో ఉచిత సినిమాల యాప్ లింకు ద్వారా నా ఫోన్లో వేశాడు. అప్పటినుంచి బెట్టింగ్ ప్రకటనలు వస్తున్నాయి. ఫోన్‌పే కూడా ఇదే ఫోన్లో ఉంది. భయంగా ఉంది.
– గృహిణి, విజయనగరం

జవాబు: ముందు నెట్ ఆపేయండి అమ్మా. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తెరిచి ఆ యాప్‌కు అనుమతి ఉంటే తీసేయండి. ఆ అనుమతి ఉన్న యాప్ మీ తెర మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. ఎస్సెమ్మెస్ అనుమతి ఉంటే ఓటీపీ కూడా దాని చేతికి పోతుంది. తర్వాత యాప్ తొలగించి, నెట్ మళ్లీ ఆన్ చేసి, ప్లే స్టోర్‌లో ప్లే ప్రొటెక్ట్ స్కాన్ చేయండి. మీ సిమ్‌ను నమ్మకమైన వేరే ఫోన్లో వేసి యూపీఐ పిన్ మార్చుకోండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అబ్బాయిని తిట్టకండి, తిడితే ఈసారి చెప్పకుండా వేస్తాడు.

ప్రశ్న: పలాసలో సెల్ షాపు నడుపుతున్నాను. కస్టమర్లు అడిగితే మెమరీ కార్డులో సినిమాలు ఎక్కించి 50 రూపాయలు తీసుకుంటాను. ఇందులో ఇబ్బంది ఉందా?
– షాపు యజమాని

జవాబు: ఉంది. డబ్బు తీసుకుంటున్నారు కాబట్టి పైన చెప్పిన శిక్ష తగ్గింపు మీకు వర్తించదు. సెక్షన్ 64 కింద ఎస్సై స్థాయి అధికారి వారెంటు లేకుండానే వచ్చి కాపీలతో పాటు వాటిని చేయడానికి వాడిన సామగ్రినీ స్వాధీనం చేసుకోవచ్చు. రెండోసారి శిక్ష పడితే కనీసం ఏడాది జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆ కంప్యూటర్‌లోనే రీచార్జీలు, కస్టమర్ల ఆధార్ కాపీలు కూడా ఉంటే ఈ రోజే వేరు చేయండి, సినిమాల ఫోల్డర్ తీసేయండి. పాత పాటలు, సినిమాలు కావాలనే పెద్దవాళ్లకు నిర్మాణ సంస్థల సొంత యూట్యూబ్ చానెళ్లు పెట్టి చూపించండి. వాటిని ఫోన్లో సేవ్ చేసుకునే పద్ధతి నేర్పి, ఆ సేవకు డబ్బు తీసుకోవడంలో తప్పు లేదు. యాప్‌లోనే ఉన్న డౌన్‌లోడ్ బటన్‌తోనే సేవ్ చేయించండి.