తయారీదారుల సంఘంలో ఉద్యోగం: గెజెట్ చదవాలి, లెక్క తేవాలి

ప్రశ్న: మాది చెన్నై అంబత్తూరు. కెమికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. నాన్నగారికి పారిశ్రామిక ఎస్టేట్‌లో బోల్టులు చేసే చిన్న యూనిట్ ఉంది. జర్మనీ బయ్యర్ కార్బన్ వివరాలు అడిగితే, ఫారం ఎలా నింపాలో తయారీదారుల సంఘం వాళ్లే నేర్పించారు. అలాంటి సంఘాల్లో ఉద్యోగాలుంటాయా? అది పైరవీల పని అని అమ్మ వద్దంటోంది.

జవాబు: ఉద్యోగాలున్నాయి, కాకపోతే తక్కువ. ముందు అమ్మగారి అనుమానం సంగతి చూద్దాం. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కొత్త నిబంధన తేవాలంటే కేంద్రం సాధారణంగా ముసాయిదాను గెజెట్‌లో వేసి, 60 రోజుల్లో అభ్యంతరాలు పంపమని అందరినీ అడుగుతుంది. ఆ గడువులోగా సభ్యుల ఫ్యాక్టరీల నుంచి లెక్కలు తెచ్చి, ఏ క్లాజు ఎక్కడ అమలు కాదో కాగితం మీద చూపించడమే ఈ ఉద్యోగంలో అసలు పని. పరిచయాలుంటే అధికారి గదిలోకి వెళ్లొచ్చు. అక్కడ ఆయన 'ఎన్ని యూనిట్లకు, ఎంత ఖర్చు?' అని అడిగితే జవాబు లేనివాళ్లు టీ తాగి వచ్చేస్తారు.

మీ ఇంట్లో ఉన్న ఉదాహరణే తీసుకుందాం. యూరప్ సరిహద్దు కార్బన్ పన్ను, అందరూ సీబామ్ అంటున్నది, 2023 అక్టోబర్ 1 నుంచి వివరాలు సమర్పించే దశలో నడిచింది. 2026 జనవరి 1 నుంచి అసలు దశ మొదలైంది. ఇనుము, ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తు దీని పరిధిలోవి. 7318తో మొదలయ్యే కస్టమ్స్ కోడ్ కింద వచ్చే స్క్రూలు, బోల్టులు ఉక్కు జాబితాలోనే ఉన్నాయి. అక్కడి దిగుమతిదారు ఇలాంటి సరుకులన్నీ కలిపి ఏడాదికి 50 టన్నులు దాటితేనే బాధ్యత వస్తుంది. కాబట్టి నాన్నగారు పంపేది 10 టన్నులే అయినా మినహాయింపు ఉందని అనుకోకూడదు, బయ్యర్ మొత్తం ఎంతో అడగాలి.

ఈ ఫారం దగ్గర చిన్న యూనిట్లు ఎక్కడ దెబ్బతింటాయంటే, కరెంటు బిల్లు, ఫర్నేస్‌లో కాల్చిన గ్యాస్ రాసేసి పని అయిపోయిందనుకుంటాయి. లెక్క వేసి చూడండి. టన్ను బోల్టులకు 1.1 టన్నుల వైర్ రాడ్ (బోల్టులు చేసే ఉక్కు తీగ చుట్ట) పడుతుందనీ, ఆ రాడ్ తయారీలో టన్నుకు 2.4 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడిందనీ అనుకుందాం. అక్కడికే 2.64 టన్నులయింది. హీట్ ట్రీట్‌మెంట్‌కు 30 కిలోల ఎల్‌పీజీ కాలిస్తే వచ్చేది సుమారు 90 కిలోలు మాత్రమే. పైగా ఉక్కు విషయంలో పన్ను లెక్కకు ప్రస్తుతం నేరుగా వెలువడే ఉద్గారాలనే తీసుకుంటారు, కరెంటు వాటా అందులోకి రాదు. అంటే భారం దాదాపు అంతా స్టీల్ మిల్లు ఇచ్చే అంకె మీదే ఉంది. ఆ అంకె లేకపోతే యూరప్ నిర్ణయించిన డిఫాల్ట్ విలువలు పడతాయి, అవి సాధారణంగా ఎక్కువగానే ఉంటాయి. అసలు అంకెలు ఇవ్వాలంటే గుర్తింపు పొందిన వెరిఫయర్ తనిఖీ చేయాలి.

నెలకు నాలుగు టన్నుల రాడ్ కొనే యూనిట్ అడిగితే పెద్ద మిల్లు జవాబివ్వదు, మధ్యలో డీలర్ కూడా ఉంటాడు. అదే 150 యూనిట్ల తరఫున సంఘం లేఖ రాసి, హీట్ నంబర్ (ఒక్కో విడతలో కరిగించిన ఉక్కుకు మిల్లు ఇచ్చే సంఖ్య) వారీగా వివరాలు ఏ పట్టికలో కావాలో నమూనా జతచేస్తే పట్టించుకోక తప్పదు. సంఘంలో కూర్చునే ఇంజినీర్ విలువ అక్కడ తెలుస్తుంది.

ముసాయిదా వచ్చినప్పుడు పని ఇలా సాగుతుంది. మొదటి రెండు మూడు రోజుల్లో క్లాజులన్నీ చదివి నాలుగు గడుల పట్టిక వేయాలి: క్లాజు సంఖ్య, ఉన్న వాక్యం, మనం కోరే వాక్యం, కారణం. తర్వాత సభ్యులకు ఒక పేజీ ప్రశ్నావళి పంపాలి. ఈమెయిల్‌కు జవాబులు రావు, ఫోన్ చేయాలి. చిన్నవి, మధ్యరకం, పెద్దవి కలిపి పది యూనిట్లకైనా స్వయంగా వెళ్లి మీటర్ రీడింగులు, యంత్రాల కొటేషన్లు చూసి రావాలి. 'ఖర్చు పెరుగుతుంది' అని రాసిన వినతిని ఎవరూ చదవరు. నిబంధన మొత్తం ఎత్తేయమని అడిగిన దానికీ అదే గతి.

సభ్యులందరి ప్రయోజనం ఒకటి కాదన్నది ఈ ఉద్యోగంలో కష్టమైన సంగతి. 2025 ఏప్రిల్‌లో కొన్ని రకాల ఉక్కు దిగుమతులపై 200 రోజులకు 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం పడింది. అది అడిగింది ఉక్కు ఉత్పత్తిదారుల సంఘం. ఆ ఉక్కుతో వస్తువులు చేసేవాళ్లకు అదే సుంకం భారం. రెండు వర్గాలూ ఒకే సంఘంలో ఉంటే వినతి పత్రం నీరుగారిపోతుంది. అప్పుడు ఏకాభిప్రాయం ఉన్న రెండు క్లాజుల మీదే రాయడం మేలు.

సభ్యుల నుంచి అమ్మకం ధరలు, రాబోయే నెలల ఉత్పత్తి పథకాలు సేకరించి అందరికీ పంచడం ఎప్పుడూ చేయకండి. అది పోటీ చట్టం, 2002లోని సెక్షన్ 3 కిందికి వస్తుంది. 2012లో సిమెంట్ కంపెనీల మీద 6,000 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసిన పోటీ కమిషన్, తయారీదారుల సంఘాన్ని కూడా వదల్లేదు.

ఇక గడువు పొడిగింపులు. చాలా సంఘాలు ముందు అడిగేది అదే. తిరుప్పూర్ అద్దకం యూనిట్ల చరిత్ర మీరు తప్పక చదవాలి. నొయ్యల్ నదిలోకి రంగునీళ్లు వదలకూడదన్న షరతు నెరవేరక, చివరికి 2011 జనవరిలో మద్రాస్ హైకోర్టు యూనిట్లు మూయమంది. 1996లో వేలూరు తోళ్ల కర్మాగారాల కేసులో సుప్రీంకోర్టు, కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రం మన చట్టంలో భాగమని చెప్పింది. ఏ నెలలో ఏ పని పూర్తవుతుందో రాయకుండా పొడిగింపు అడగడం సభ్యులకు మేలు కాదు. దిగువన ఆ నీళ్లు తాగే ఊళ్లకు అన్యాయం కూడా. దాన్ని సభ్యుల ముఖం మీదే చెప్పగలిగితేనే ఈ రంగంలోకి రండి. అమ్మగారికి కూడా ఈ మాట చెప్పండి.

దారి విషయానికొస్తే, సంఘాల ఆఫీసులు చిన్నవి, కొత్తవాళ్లకు ప్రకటనలు అరుదు. ముందు ఏదైనా ఫ్యాక్టరీలో పర్యావరణ విభాగంలోనో, ఎగుమతుల కంప్లయన్స్‌లోనో (నిబంధనలు పాటించేలా చూసే విభాగం) రెండు మూడేళ్లు చేసి రావడం మంచిది. కాలుష్య నియంత్రణ మండలి కన్సెంట్ (ఫ్యాక్టరీ నడిపే అనుమతి) దరఖాస్తు చేత్తో నింపినవాళ్లకూ, చదివి వచ్చినవాళ్లకూ తేడా వెంటనే తెలిసిపోతుంది. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితులకంటే తక్కువే ఉంటుందనుకోండి. మీరు చెన్నైలో ఉండటం కలిసొచ్చే విషయం: తోళ్ల ఎగుమతి మండలి, జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్, గిండీలో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అన్నీ ఊళ్లోనే ఉన్నాయి. వినతి ఇంగ్లిష్‌లో రాస్తారు గానీ, షాప్ ఫ్లోర్‌లో లెక్క రాబట్టేది తమిళంలోనే. మీకది ఇబ్బంది కాదు.

ఈ వేసవిలో ఇంటర్న్‌షిప్ అడిగేటప్పుడు రెజ్యూమే ఒక్కటే పట్టుకెళ్లకండి. నాన్నగారి యూనిట్‌లో ఒక్క రకం బోల్టుకు, ఒక్క నెలకు, వైర్ రాడ్ ఇన్వాయిస్, మిల్ టెస్ట్ సర్టిఫికెట్ (ఉక్కుతో పాటు మిల్లు ఇచ్చే పరీక్షా పత్రం), గ్యాస్ బిల్లు, తుక్కు తూకం కలిపి కార్బన్ లెక్క వేయండి. దొరకని అంకె ఎవరి దగ్గర ఆగిందో పక్కనే రాయండి. ఆ రెండు పేజీలు సంఘం కార్యదర్శి ముందు పెట్టండి.