బ్లాక్ లోకస్ట్ దుంగతో చెరోకీ పద్ధతి విల్లు: ఒకటి ముడతలు పడింది, ఇంకోటి విరిగింది, తప్పెక్కడ?

బ్లాక్ లోకస్ట్ అనే అమెరికా చెట్టు దుంగని చీల్చి, అక్కడి ఆదివాసులైన చెరోకీల పద్ధతిలో చేసిన రెండు విల్లులూ పోయాయి, తప్పెక్కడని అడిగారు. అవి పోయింది ఒకే తప్పు వల్ల కాదు. మొదటిదానికి పొట్టవైపు, అంటే లాగేటప్పుడు మన ముఖానికి ఎదురుగా ఉండే చెక్క మీద, అడ్డంగా వెంట్రుకవాసి ముడతలు పడి బలం తగ్గిందన్నారు. రెండోదానికి వీపువైపు, అంటే గురివైపు ఉండే చెక్క మీద, పీచు లేచి ఫట్‌మందన్నారు. విల్లు వంగితే వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. వీపు లేచిందంటే చాలావరకు వయసు వలయం, అంటే చెట్టు ఏడాదికొకటి వేసే పొర, తెగిందని. పొట్ట ముడత పడిందంటే చెక్క ఇంకా పచ్చిగానైనా ఉండాలి, వంపు భారమంతా ఒకేచోటైనా పడి ఉండాలి. దుంగని చీల్చిన ముక్కలు, అంటే చీలికలు, ఇంకో రెండు మిగిలాయన్నారు కాబట్టి మొదటినుంచీ చెప్తాను.

చెట్టు ఎంపిక సరైనదే. అమెరికా తూర్పువైపు అపలాచియన్ కొండల్లో చెరోకీలు విల్లుకి వాడిన కలపల్లో బ్లాక్ లోకస్ట్, హికరీ ముఖ్యం. 1838-39లో వాళ్లలో చాలామందిని ఓక్లహోమా వైపు తరిమేశాక అక్కడ ఓసేజ్ ఆరెంజ్ అనే చెట్టు కలప చేతికొచ్చింది. లోకస్ట్ వీపు సాగుడికి బాగా నిలుస్తుంది, పొట్ట నలుగుడికి మాత్రం ఓసేజ్ అంత ఓర్చుకోదు. లోకస్ట్‌తో వచ్చే గొడవంతా అక్కడే. అందుకే దీన్ని వెడల్పుగా, బల్లపరుపుగా చెయ్యాలి. పొట్టని గుండ్రంగా తీరిస్తే నలుగుడంతా నడిమి గీత మీదే పడుతుంది. ఫొటోలో మీ మొదటి విల్లు పొట్ట గుండ్రంగానే ఉంది.

మిగిలిన చీలికల్ని ముందు పరీక్షించండి. బెరడు గీతలు నిట్టనిలువుగా ఉంటే లోపలి పీచు కూడా తిన్నగా ఉంటుంది, మెలిక తిరిగి ఉంటే విల్లు కూడా మెలిక తిరుగుతుంది. పెన్సిల్ దూరేంత కన్నాలుంటే లోకస్ట్ బోరర్ అనే పురుగు చేవలోకి, అంటే లోపలి గట్టి చెక్కలోకి, సొరంగం తవ్విందని అర్థం, ఆ చీలికని పొయ్యిలో పెట్టుకోండి. కోత ముఖం మీద వలయాలు 3 మి.మీ. దాకా మందంగా ఉంటే మీ అదృష్టం. 1 మి.మీ. వలయాలతో మొదటి విల్లులు చెయ్యాలనుకోవద్దు.

దుంగ కోసిన గంటలోపే రెండు చివరలకీ తెల్ల జిగురో పాత పెయింటో దట్టంగా పూయాలి. ఆలస్యమైతే చివరల నుంచి నెర్రెలు లోపలికి పాకుతాయి. బెరడు, తెల్ల చెక్క తీసేశాక వీపు మొత్తానికీ ఇదే నియమం. పచ్చి చేవ గాలికి తగిలితే నిలువునా నెర్రెలిస్తుంది.

ఇక వలయం పట్టడం. రెండో విల్లు పోయింది ఇక్కడే. లోకస్ట్‌లో బెరడు కింద పలచటి తెల్ల చెక్క, దాని కింద పసుపుపచ్చ చేవ ఉంటాయి. వీపు చేవలోనే ఉండాలి, ఈ చివరనుంచి ఆ చివరదాకా ఒకే వలయం మీద ఉండాలి. ప్రతి వలయంలోనూ రెండు పొరలుంటాయి. వసంతంలో పెరిగిన పొర సన్న రంధ్రాలతో పెళుసుగా ఉంటుంది, కత్తి కింద కరకరమంటుంది. వేసవి పొర గట్టిగా నున్నగా ఉండి, కత్తి జారినప్పుడు మెరుస్తుంది. రెండు చేతులా పట్టుకుని మనవైపు లాక్కునే డ్రానైఫ్‌తో ఒక వలయం పైదాకా వచ్చి ఆపండి. మిగిలిన కరకర పొరని గీకుడు రేకుతోనే తియ్యాలి. పెద్ద కత్తి పదును ఒక్కసారి కిందికి దిగితే ఆ వలయం పోయినట్టే. అలా పోతే దాని కింది వలయానికి దిగి మొత్తం మళ్లీ మొదలుపెట్టడమే, అతుకు పనికిరాదు. పక్కనుంచి ఏటవాలుగా ఎండ పడేచోట కూర్చుంటే తెగిన వలయం అంచులు మ్యాపులో కొండ గీతల్లా కనబడతాయి. ముడి దగ్గర వలయం బొడిపెలా పైకి లేస్తుంది. దాన్ని చదును చెయ్యకుండా చుట్టూ తిరిగి వెళ్లండి, ఆ బొడిపె అలాగే ఉండనివ్వండి. (మన దగ్గర వెదురు విల్లు చేసేవాళ్లు పై తోలుని గీకకపోవడం వెనకున్న సూత్రమూ ఇదే. బలమైన పీచు అక్కడే ఉంటుంది.) హికరీ అయితే ఈ బాధ సగం లేదు. వసంతంలో కోస్తే బెరడు అరటి తొక్కలా ఊడొస్తుంది, దాని కిందున్న తెల్ల చెక్కే వీపు.

ఈ పని చేస్తున్నంతసేపూ మాస్క్ పెట్టుకోండి. లోకస్ట్ బెరడు విషం, దుమ్ము కూడా గొంతుకి మంచిది కాదు.

కొలతలు. 26 అంగుళాల లాగుడికి, 45 పౌండ్ల బరువుకి (అంత దూరం లాగడానికి పట్టే బలం) ఇవి సరిపోతాయి: పొడవు 66 అంగుళాలు. మధ్యలో వెడల్పు 1.75 అంగుళాలు, మధ్యనుంచి అటూ ఇటూ 12 అంగుళాల దాకా అదే వెడల్పు, అక్కణ్నుంచి తిన్నగా తగ్గుతూ చివర అర అంగుళం. మందం మొదట్లో పిడి దగ్గర 7/8, రెక్కల్లో (పిడికి అటూ ఇటూ వంగే భాగాల్లో) 5/8, చివర అర అంగుళం ఉంచి ఆపండి. ఈ కొలతల్లో పిడిని విడిగా చెక్కనక్కర్లేదు. మధ్య భాగం కూడా కొద్దిగా వంగుతుంది, దానివల్లే పొట్ట మీద భారం నిడివంతా పంచుకుంటుంది. నడుము సన్నంగా ఉండే పిడి పెట్టాలనుకుంటే పొడవు ఇంకో రెండంగుళాలు పెంచండి.

ఈ రూపానికి తెచ్చాక ఆరబెట్టండి, దుంగగా ఉన్నదానికంటే చాలా త్వరగా ఆరుతుంది. మెలిక పడకుండా తిన్నటి పలకకి క్లాంపులతో బిగించండి. ఎన్ని నెలలు అన్న లెక్క నమ్మదగింది కాదు. వారానికోసారి వంటింటి తూకం మీద పెట్టి రాసుకోండి, వరసగా మూడు వారాలు బరువు తగ్గకపోతే ఆరినట్టు. మీ నార్త్ కరోలినా కొండల్లో వేసవి తేమ ఎక్కువ, గరాజ్‌లో కాకుండా ఏసీ ఉన్న గదిలో పెట్టండి. మీ మొదటి విల్లు కోసిన ఆరు వారాలకే నారి ఎక్కించారన్నారు. అది గుండ్రం పొట్టే కాదు, పచ్చి పొట్ట కూడా.

అసలు పని వంపు సరిచెయ్యడం, అంటే టిల్లరింగ్. ముందు ఒక చివరని నేలకానించి విల్లు మధ్య భాగాన్ని నొక్కి చూడండి. రెండు రెక్కలూ ఇంచుమించు ఒకేలా వంగేదాకా పొట్టవైపు నుంచే రాస్ప్‌తో, అంటే ముతక ఆకురాయితో, తగ్గించండి. వీపుని ఇక తాకకూడదు. తర్వాత చివరల్లో నారి కొప్పులు కోసి, వదులుగా ఉండే పొడవాటి తాడు కట్టి, గోడకి బిగించిన విల్లుని కప్పీతో కిందికి లాగుతూ దూరంగా నిలబడి చూడండి. మధ్యలో స్ప్రింగ్ త్రాసు తప్పనిసరి. నియమం ఒక్కటే: 48 పౌండ్లు (45కి, చివరి నునుపు పనిలో పోయేది కలిపి) చూపించగానే ఆగాలి, లేదా వంపులో తప్పు కనపడగానే ఆగాలి, ఏది ముందైతే అది. తప్పు కనబడ్డాక ఇంకో అంగుళం లాగితే ఆ తప్పు చెక్కలో ఉండిపోతుంది.

ఎక్కువ వంగేచోట పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టి అక్కడ ముట్టుకోకండి. వంగనిచోట గీకండి. పది గీకులు, తర్వాత సగం దాకా ఇరవై ముప్పై లాగుళ్లు, తర్వాత మళ్లీ చూపు. తీసిన చెక్క ప్రభావం వెంటనే కనబడదు, ఆ లాగుళ్ల తర్వాతే బయటపడుతుంది. చాలామంది ఇక్కడే ఓపిక పట్టలేక గీకిందే గీకి విల్లుని 25 పౌండ్ల బొమ్మగా మార్చుకుంటారు. చివరలు ఆరంగుళాలు ఒకే తీరుగా దిగాక పొట్టి నారి ఎక్కించండి, విల్లుకీ నారికీ మధ్య ఎడం మొదట 4 అంగుళాలు, పూర్తయ్యేనాటికి 5 నుంచి 6. చివరి నునుపు పనిలో రెండు మూడు పౌండ్లు పోతాయి, కాబట్టి 48 పౌండ్ల దగ్గర రాస్ప్ పక్కన పెట్టండి. నారి దించాక విల్లు అంగుళం, అంగుళంన్నర వంగి ఉండిపోతే కంగారొద్దు, లోకస్ట్‌కి అది మామూలే. మూడంగుళాలు ఉండిపోతే తేమ మిగిలినట్టు.

పొట్టకి సెగ పెట్టడం లోకస్ట్‌కి నిజంగా మేలు చేస్తుంది. నేలకానించి చూసిన దశ అయ్యాక, నిప్పుల మీద నాలుగైదు అంగుళాల ఎత్తున పొట్టని తేనెరంగు వచ్చేదాకా మెల్లగా కాచండి. వీపు చేత్తో పట్టుకోగలిగే వేడి దాటకూడదు. తర్వాత మూడు రోజులు వంచొద్దు. ఎండిపోయిన చెక్క గాలిలోని తేమ కొంత తిరిగి తీసుకోవాలి, తొందరపడితే పెంకులా పగులుతుంది. 1761-62లో చెరోకీ ఊళ్లలో గడిపిన వర్జీనియా సైనికాధికారి హెన్రీ టింబర్లేక్ కూడా వాళ్ల విల్లులకి ఎలుగుబంటి కొవ్వు పట్టించి నిప్పు దగ్గర కాచేవారని, నారి ఎలుగు పేగు మెలిపెట్టి చేసేవారని రాశాడు. కొవ్వు బదులు మీరు అవిసె నూనె నాలుగైదు పూతలు వెయ్యొచ్చు. నూనె గుడ్డల్ని ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి. నారికి పేగు జోలికి పోకుండా డాక్రాన్ బి-50 దారం 14 పోగులు చాలు.

మొదటి విల్లుకి పడిన ముడతలు మానవు. అయినా పారేయక్కర్లేదు. ముడతలకి రెండువైపులా కాస్త కాస్త గీకి వంపుని పంచితే 30 పౌండ్ల విల్లుగా పిల్లలకి పనికొస్తుంది. రెండోది మాత్రం పోయినట్టే.

బాణాలకి చెరోకీలు వాడేది ఏటి ఒడ్డున పెరిగే రివర్ కేన్. ఆకారానికి మన సన్న వెదురులాంటిదే. చలికాలంలో కోసి, నీడన ఆరబెట్టి, కణుపుల దగ్గర సెగ చూపిస్తూ తిన్నగా చెయ్యాలి. మూడు ఈకలు కాదు, రెండే కడతారు. టర్కీ ఈకలే వాడండి. డేగ, గుడ్లగూబ, గద్ద ఈకలు దారిలో దొరికినా అమెరికాలో దగ్గర పెట్టుకోవడం నేరం. అలాగే మీరు చేసిన విల్లుని ఎప్పుడైనా అమ్మాలనుకుంటే ‘చెరోకీ విల్లు’ అని రాయొద్దు, తెగ సభ్యులు కానివాళ్లు అలా అమ్మడాన్ని 1990 నాటి చట్టం నిషేధించింది. ఇది చదివి ఇండియాలో ప్రయత్నించాలనుకునేవాళ్లకి: గురిపలక వరకే, 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నిషిద్ధం.

మూడో చీలిక వలయం పట్టాక, రాస్ప్ ముట్టుకోకముందు వీపు ఫొటో ఒకటి పక్కనుంచి ఎండ పడేలా తీసి పెట్టండి. ఎక్కడైనా వలయం తెగిందేమో అప్పుడే చెప్పొచ్చు.