పొద్దున్నే వచ్చే పొగను చూసి ఇంజిన్ దించవద్దు

చి. మేనల్లుడికి మామయ్య దీవెనలు.

ఆదిలాబాద్‌లో చలి ముదిరినప్పటి నుంచి నీవు కొన్న పాత పెట్రోలు కారు ఉదయం సెల్ఫ్ కొట్టగానే పొగ వదులుతోందని, మెకానిక్ ఒకసారి చూసి ‘బోరుకొచ్చింది, ఇంజిన్ దించాల్సిందే’ అన్నాడని రాశావు. బోరుకు రావడమంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ అరిగిపోవడం. పొగ ఏ రంగులో ఉందో, ఎంతసేపటికి తగ్గిందో మాత్రం రాయలేదు. ఆ రెండూ చూడకుండా ఎవరు ఏం చెప్పినా అది ఊహే అవుతుంది కనుక, ముందు నీవే ఒక ఉదయం ఓపికగా గమనించు.

ముందురోజు రాత్రి కారును చదునైన చోట, ఆరుబయట నిలుపు. మూసిన షెడ్డులో పొగ చూడటానికి ప్రయత్నించవద్దు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. తెల్లవారి ఇంజిన్ ముట్టుకోకముందే డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూసుకో, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ డబ్బా మీద నీరు ఎక్కడిదాకా ఉందో మార్కర్‌తో గీత గీయి. తరువాత మరొకరిని స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, యాక్సిలేటర్ తొక్కకుండా స్టార్ట్ చేయమని చెప్పి, నీవు సైలెన్సర్‌కు కాస్త పక్కగా నిలబడు.

తెల్లగా, పలుచగా వచ్చి కొద్ది నిమిషాల్లో మాయమైతే అది పొగే కాదు, ఆవిరి. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. చల్లని గొట్టంలో అది పేరుకొని, గొట్టం వేడెక్కే వరకు ఆవిరిగా కనిపిస్తుంది. చలికాలంలో కొత్త కారు కూడా అలాగే చేస్తుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక కూడా దట్టమైన తెల్లపొగ ఆగకుండా వస్తూ, తియ్యని వాసన వేస్తూ, నీవు గీసిన గీత కన్నా కూలెంట్ రోజురోజుకూ దిగుతూ ఉంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్‌ను, అంటే ఇంజిన్ పైభాగమైన హెడ్‌కూ కింది సిలిండర్ల దిమ్మెకూ మధ్య ఉండే పలుచని సీలును, అనుమానించాలి. అటువంటి ఇంజిన్, రాత్రంతా సిలిండర్‌లోకి కారిన కూలెంట్ వల్ల, ఉదయం మొదటి నిమిషం ఒక సిలిండర్ పనిచేయనట్టు కొట్టుకుంటుంది కూడా. ఆయిల్ మూత లోపల వెన్నలాంటి జిడ్డు కనిపించినంత మాత్రాన గ్యాస్కెట్ పోయిందని అనుకోవద్దు, రోజూ దగ్గర దూరాలకే తిరిగే బండిలో చలికాలపు తేమ వల్ల కూడా అది చేరుతుంది. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం తెరవకు.

పొగ నీలి రంగులో ఉంటే ఆయిల్ మండుతున్నట్టే, అయితే అది ఏ దారిన దిగుతోందన్నదే అసలు ప్రశ్న. సిలిండర్‌కు తలుపుల్లాంటి వాల్వుల కాడలు ఆడే గొట్టాలైన వాల్వ్ గైడ్ల పైన ఉండే రబ్బరు సీళ్లు ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి పట్టు వదిలేస్తాయి. బండి నిలిచి ఉన్న రాత్రంతా పైనున్న ఆయిల్ వాటి పక్కనుంచి కొంచెం కొంచెంగా సిలిండర్‌లోకి జారి, ఉదయం స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పున నీలిపొగగా పోతుంది. కొన్ని క్షణాల్లో అది తేలిపోయి, రోడ్డు మీద మళ్లీ కనబడకపోతే తప్పు సీళ్లదే కావచ్చు. పిస్టన్ చుట్టూ ఉండి ఆయిల్‌ను పైకి రానివ్వని పిస్టన్ రింగులు అరిగిన బండి ఉదయంతో సరిపెట్టదు. లోడ్ పడినప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు, గట్టిగా యాక్సిలేటర్ తొక్కినప్పుడల్లా పొగ వదులుతుంది. నిర్మల్ దారిలోని మహబూబ్ ఘాట్ మీద ఒకసారి చూసుకో. గేరులోనే ఉంచి, యాక్సిలేటర్ వదిలేసి ఘాట్ దిగి, కిందకు వచ్చాక తొక్కినప్పుడు వెనుక నీలిపొగ గుప్పుమంటే సీళ్లు, గైడ్లు అని, ఎక్కేటప్పుడు తెర వేసినట్టు వస్తే రింగులు అని ప్రాథమికంగా అనుకోవచ్చు. పొగ చూడటానికి వెనుక బండిలో మరొకరు ఉంటే మేలు, నీ కళ్లు రోడ్డు మీదే ఉండాలి.

అప్పుడు కూడా ఇంజిన్ దించడానికి ఒప్పుకోవద్దు. మొదట కంప్రెషన్ పరీక్ష, అంటే ఒక్కొక్క సిలిండర్ ఎంత ఒత్తిడి నిలుపుతోందో చూసే పరీక్ష, అడుగు. ఇంజిన్ వేడి చేసి, ప్లగ్గులన్నీ తీసి, పెట్రోలు సరఫరా ఆపి, యాక్సిలేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కొక్క సిలిండర్‌కూ గేజి పెట్టి చూస్తారు. సిలిండర్ల మధ్య తేడా 10–15 శాతానికి మించకుండా, కంపెనీ చెప్పిన అంకెకు దగ్గరగా ఉంటే బోరు బాగానే ఉన్నట్టు. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడమను. అంకె బాగా పెరిగితే లోపం రింగులలో ఉంది. పెరగకపోతే వాల్వులలోనో గ్యాస్కెట్‌లోనో ఉంది. వాల్వ్ సీళ్లను చాలా ఇంజిన్లలో హెడ్ దించకుండానే, సిలిండర్‌లోకి గాలి ఒత్తిడి పంపి వాల్వులు కింద పడకుండా నిలిపి మార్చవచ్చు. అనుభవమున్న చేతికే ఆ పని అప్పగించు. ఖర్చు పెట్టే ముందు, ఇంజిన్ అడుగున చేరే వాయువులను గాలి లోపలికి పోయే దారి అయిన ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వ్ కూడా చూపించు. చిన్న భాగమే అయినా అది తెరుచుకుని ఇరుక్కుపోతే ఆయిల్‌ను ఇన్‌టేక్‌లోకి లాగి ఇదే పొగ తెప్పిస్తుంది.

నల్లపొగ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ అయితే అది వస్తుంది: ఎయిర్ ఫిల్టర్, కారుతున్న ఇంజెక్టర్, ఇంజిన్ చల్లగానే ఉందని తప్పుగా చెప్పే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్, ఈ వరుసలో చూపించు. బావగారి డీజిల్ జీపు సంగతి వేరు. అందులో స్పార్కు లేదు, గాలిని నొక్కిన వేడికే ఇంధనం అంటుకుంటుంది. స్టార్ట్‌కు ముందు సిలిండర్‌ను వేడిచేసే హీటర్ ప్లగ్గులు పాడైతే చలిలో అంటుకోని డీజిల్ కళ్లు మండే తెల్లపొగగా బయటకు వస్తుంది. డాష్‌బోర్డు మీద స్ప్రింగు గుర్తు లైటు ఆరేవరకు ఆగి సెల్ఫ్ కొట్టమని ఆయనకు చెప్పు.

ఇంకొక మాట. పాత కార్లు అమ్మే వారిలో కొందరు కొనేవాడు వచ్చేలోపు ఇంజిన్ వేడి చేసి ఉంచుతారు, చిక్కటి ఆయిల్ పోసి పొగ కప్పిపుచ్చుతారు. అందుకే ఇప్పుడు ఇంజిన్‌లో ఉన్న ఆయిల్‌ను కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడుకు మార్చి, ఆ తరువాత వచ్చే పొగనే లెక్కలోకి తీసుకో. వారం రోజుల ఆయిల్, కూలెంట్ మట్టాలు, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ అంకెలు రాసి పంపితే, సీళ్లా రింగులా అన్నది నేను చెబుతాను. అప్పటివరకు ఉదయం ఇంజిన్‌ను రేజ్ చేయకుండా మెల్లగా కదిలించు, ఆయిల్ కనీస గీత కిందికి దిగకుండా చూసుకో.

మామయ్య