షుగరు ఆవిడకి, తిరస్కరణ ఆయన క్లెయిముకి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. నాకు 61 ఏళ్ళు. కాగితం మిల్లులో పనిచేసి రిటైరయ్యాను. నాకూ మా ఆవిడకీ కలిపి 3 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ 2022 జూన్‌లో పార్వతీపురం ఏజెంటు ద్వారా తీసుకున్నాం. ఏటా రెన్యువల్ చేస్తున్నాం. 2025 ఫిబ్రవరిలో నాకు షుగరు బయటపడింది. ఏప్రిల్‌లో కాశీ వెళ్తే మా ఆవిడ ఘాట్ మెట్ల మీద జారి మణికట్టు విరిగింది, అక్కడే కట్టు వేసి పంపారు. జూలైలో అమ్మాయి పురిటికని విశాఖ వెళ్ళాం. ఆగస్టులో నాకు అక్కడే గుండెనొప్పి వచ్చి స్టెంట్ వేశారు. క్యాష్‌లెస్ ఇవ్వకపోతే 2,46,000 రూపాయలు చేతినుంచే కట్టాం. అక్టోబరులో క్లెయిమ్ తిరస్కరించారు. ఆరేళ్ళుగా నాకు షుగరుందని డిశ్చార్జి సమ్మరీలో ఉందట, పాలసీ తీసుకునేటప్పుడు అది దాచానట. ఆరేళ్ళుగా షుగరున్నది మా ఆవిడకి. ఆ సంగతి ఫారంలో రాయించాం కూడా. ఆ రాత్రి కంగారులో మా అల్లుడు డ్యూటీ డాక్టరుకి ఏం చెప్పాడో! కట్టు ఖర్చు 6,500 కూడా ఇవ్వలేదు. కేసు ఎక్కడ వెయ్యాలి? ఫిబ్రవరిలో వచ్చిన షుగరు సంగతి జూన్ రెన్యువల్‌లో చెప్పకపోవడం నా తప్పా? మా అమ్మకి 76 ఏళ్ళు, మా దగ్గరే ఉంటోంది. ఆవిడకి కొత్త పాలసీ తీసుకోవచ్చా?

జవాబు: చివరి నుంచి రెండో ప్రశ్నకి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మీ భయమంతా అక్కడే ఉన్నట్టుంది. తప్పు కాదు. పాలసీ నడుస్తుండగా కొత్తగా వచ్చిన జబ్బు పాత జబ్బు కిందికి రాదు. బీమా మొత్తం పెంచమని అడగనంత వరకు రెన్యువల్‌లో కంపెనీ మళ్ళీ ఆరోగ్యం లెక్కలు తీయకూడదు. 3 లక్షల్ని 5 లక్షలు చెయ్యమని అడిగితే మాత్రం చెప్పాలి, అప్పుడూ కొత్త పరిశీలన పెరిగిన 2 లక్షల వరకే. మీరు పెంచలేదు కాబట్టి ఆ సంగతి అక్కడితో సరి.

కట్టు డబ్బు వదిలేయండి. ప్రమాదానికి వెయిటింగ్ పీరియడ్ (క్లెయిముకి ముందు ఆగాల్సిన గడువు) ఉండదన్న మాట నిజమే. కానీ ఆ 6,500 ఆగింది వేరే కారణం వల్ల. మామూలు పాలసీలు 24 గంటలు ఆసుపత్రిలో చేరి ఉంటేనో, డే కేర్ కింద (ఒక్క రోజులో ముగిసే ఆపరేషన్ లాంటిది) లెక్కించే చికిత్స అయితేనో డబ్బిస్తాయి. ఓపీలో పిండికట్టు వేసి పంపిస్తే ఆ రెండింటిలో దేనికిందికీ రాదు. మీ పాలసీకి ఓపీ కవరేజీ విడిగా ఉంటే తప్ప ఇందులో కంపెనీ చేసింది సరైనదే. దీన్ని స్టెంట్ ఫిర్యాదులో కలిపితే బలమైన వాదన పక్కన బలహీనమైనది చేరి మొత్తం పలచబడుతుంది.

ఇక అసలు విషయం. పాత జబ్బు గురించి పాలసీలో రెండు వేర్వేరు గడువులుంటాయి, చాలామంది వాటిని కలిపేసుకుంటారు. మొదటిది వెయిటింగ్ పీరియడ్. ముందే చెప్పిన జబ్బుకి ఇన్ని నెలలు ఆగాలని. 2024 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధనల ప్రకారం అది 36 నెలలకి మించకూడదు. అంతకుముందు 48 దాకా ఉండేది కాబట్టి 2025 జూన్ రెన్యువల్ షెడ్యూల్లో ఎంత ఉందో చూసుకోండి. రెండోది మారటోరియం. ఎడతెగకుండా 60 నెలల ప్రీమియం కట్టాక, మోసం జరిగిందని రుజువు చేస్తే తప్ప దాచారన్న కారణంతో క్లెయిమ్ కాదనలేరు. మీది 2022 జూన్ నుంచి 2025 ఆగస్టుకి 38 నెలలు. అంటే షెడ్యూల్లో 36 నెలలే ఉంటే మొదటి గడువు దాటారు, రెండోది దాటలేదు. అందుకే కంపెనీ వెయిటింగ్ పీరియడ్ ఊసెత్తకుండా 'దాచారు' అన్న మాట పట్టుకుంది. తిరస్కరణ ఉత్తరంలో లేని కారణాన్ని తర్వాత కోర్టులో కొత్తగా తేకూడదని సుప్రీంకోర్టు 2019లో సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో చెప్పింది. కాబట్టి మీరు కొట్టాల్సింది ఆ ఒక్క మాటనే: 2022 జూన్ నాటికి మీకు షుగరు లేదు, ఉన్నట్టు ఏ డాక్టరూ చెప్పలేదు.

నిర్వచనం కూడా మీకు అనుకూలమే. పాలసీ మొదలవడానికి ముందు 36 నెలల్లో డాక్టరు నిర్ధారించినదో, డాక్టరు సలహా గానీ చికిత్స గానీ ఇచ్చినదో మాత్రమే పాత జబ్బు. ఒంట్లో తెలియకుండా పెరుగుతున్నది ఆ లెక్కలోకి రాదు.

దాచారని రుజువు చెయ్యాల్సిన బాధ్యత కంపెనీదే. ఆసుపత్రిలో ఎవరో చెప్పగా రాసిన 'ఆరేళ్ళుగా' అన్న ఒక్క ముక్క తప్ప, పాత మందుల చీటీ గానీ ల్యాబు రిపోర్టు గానీ చూపలేకపోతే వినియోగదారుల కమిషన్లు దాన్ని సరిపోయే సాక్ష్యంగా చూడవు. అలాగని చేతులు ముడుచుకు కూర్చుంటే పని జరగదు. ఈ కాగితాలు సేకరించండి.

ముందుగా ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం మొదట నింపిచ్చిన దరఖాస్తు, నకలు. అది ఇవ్వడం కంపెనీ బాధ్యత, మెయిలులో అడగండి. ఏజెంటు నింపిన ఫారాల్లో అన్ని ప్రశ్నలకీ 'లేదు' అని టిక్కులుండటం మన సరిహద్దు ఊళ్ళలోనే కాదు, ఎక్కడైనా మామూలే. మీ ఆవిడ గడిలో షుగరు 'ఉంది' అని ఉంటే అది మీకు బంగారం. ఒకరి జబ్బు నిజాయితీగా చెప్పినవాళ్ళు రెండోవారిది దాచడానికి కారణం కనబడదు. ఒకవేళ అక్కడా 'లేదు' అనే ఉంటే, సంతకం మీదే కాబట్టి 'ఏజెంటు రాశాడు' అన్న వాదన ఎంతో దూరం పోదు. వాట్సాప్‌లో ఏజెంటుకి చెప్పినట్టు ఉంటే ఆ సందేశాలు తుడిచేయకండి. అవి తెలుగులో ఉంటాయి కాబట్టి ఇంగ్లీషో ఒడియానో అనువాదం జతచెయ్యాలి.

తర్వాత ఆసుపత్రి నుంచి పూర్తి ఇన్‌పేషెంట్ కేసు షీటు. డిశ్చార్జి సమ్మరీ చాలదు. చేరిన రాత్రి డ్యూటీ డాక్టరు చేత్తో రాసిన మొదటి పేజీలో ఆ సమాచారం ఎవరు చెప్పారో సాధారణంగా ఉంటుంది. రోగి చెప్పాడనా, వెంట వచ్చినవారు చెప్పారనా అన్నది చూడండి. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలని వైద్యుల వృత్తి నియమావళిలో 2002 నుంచీ ఉంది. రాతపూర్వకంగా అడిగి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

కేసు షీటు చేతికొచ్చాక స్టెంట్ వేసిన కార్డియాలజిస్టు దగ్గరే వివరణ లేఖ తీసుకోవాలి. లెటర్‌హెడ్ మీద ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, తేదీ, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. షుగరు ఎప్పటినుంచన్నది వెంట వచ్చినవారి మాట మీద రాసిందనీ, పాత రికార్డేదీ చూడలేదనీ, 2025 ఫిబ్రవరి ఓపీ చీటీ ప్రకారం అప్పుడే నిర్ధారణ అయిందనీ అందులో ఉండాలి. ఒక్క జాగ్రత్త: డిశ్చార్జి సమ్మరీనే దిద్దించి కొత్తది తెచ్చుకోకండి. పాతది కంపెనీ దగ్గర ఉంది. రెండూ పక్కపక్కన పెడితే మోసమన్న మాటకి మీరే దారి ఇచ్చినట్టు. విడి లేఖ వేరు, దిద్దుబాటు వేరు. మీ అల్లుడుగారి చేత కూడా ఏం చెప్పారో, ఎందుకు పొరబడ్డారో అఫిడవిట్ రాయించండి.

అన్నిటికంటే బలమైనది 2022 జూన్‌కి దగ్గర్లో మీ రక్తపరీక్ష. మిల్లులో ఉన్నప్పుడు ఏటా జరిగే మెడికల్ చెకప్ కాగితాలు, రిటైర్మెంటు నాటి పరీక్ష, పంటికో కంటికో ఆపరేషన్ ముందు చేసిన షుగరు పరీక్ష, ఏదైనా సరే. పరగడుపు షుగరు 100 లోపు ఉన్న ఒక్క రిపోర్టు దొరికితే ఆరేళ్ళ మాట అక్కడే కూలిపోతుంది. ఆసుపత్రిలో చేసిన హెచ్‌బీఏ1సీ చూపించి లాభం లేదు. అది దాదాపు మూడు నెలల షుగరు సగటు మాత్రమే, ఎన్నేళ్ళుగా ఉందో చెప్పదు.

'షుగరుకీ గుండెకీ సంబంధం లేదు' అని మాత్రం ఫిర్యాదులో రాయకండి. చాలామంది రాస్తారు, అక్కడే ఓడిపోతారు. సంబంధం ఉందని వైద్యమే చెబుతుంది. పైగా 2009లో సత్వంత్ కౌర్ సంధు కేసులో సుప్రీంకోర్టు మధుమేహం, కిడ్నీ జబ్బు దాచిన వ్యక్తి మెడిక్లెయిమ్ తిరస్కరణని సమర్థించింది. మీ వాదన 'దాచినా పర్లేదు' అని కాదు, 'దాచడానికి ఏమీ లేదు' అని.

ఎక్కడికి వెళ్ళాలన్నది ఇప్పుడు చూద్దాం. మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి కాగితాలన్నీ జతచేసి మెయిలు, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపండి. బీమా నియంత్రణ సంస్థ వారి 'బీమా భరోసా' పోర్టల్‌లో గానీ 155255కి ఫోన్ చేసి గానీ నమోదు చెయ్యండి. తిరస్కరణకి ముందు క్లెయిముల సమీక్ష కమిటీ ఆమోదం తీసుకున్నారా అని కూడా అడగండి. అది లేకుండా తిరస్కరించకూడదని 2024 నుంచి నిబంధన. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా వివాదాలు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు.

ఆసుపత్రి విశాఖ, ఏజెంటు పార్వతీపురం అయినంత మాత్రాన మీరు అటు పోనక్కర్లేదు. మీ ఇంటి చిరునామా రాయగడ కాబట్టి భువనేశ్వర్ అంబుడ్స్‌మన్‌కి పరిధి ఉంటుంది. ఫీజు లేదు. వకీలు అక్కర్లేదు, వకీలుని రానివ్వరు కూడా. 50 లక్షల లోపు వివాదాలు చూస్తారు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, వీడియో విచారణ అడిగితే భువనేశ్వర్‌కి హీరాఖండ్ రైలు ఎక్కే పని పడకపోవచ్చు. తీర్పు మీకు అనుకూలంగా వస్తే కంపెనీ 30 రోజుల్లో పాటించాలి. వ్యతిరేకంగా వస్తే మీరు కట్టుబడనక్కర్లేదు, వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు. తిరకాసేమిటంటే ఈ వరస తిరగేస్తే పని చెయ్యదు. కమిషన్‌లో కేసు వేశాక అంబుడ్స్‌మన్ తలుపు మూసుకుపోతుంది.

గడువులు రెండు. అంబుడ్స్‌మన్‌కి ఏడాది, కమిషన్‌కి రెండేళ్ళు. రెండింటినీ అక్టోబరు తిరస్కరణ ఉత్తరం తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. అంబుడ్స్‌మన్ దగ్గర ఉన్నంతకాలం ఆ రెండేళ్ళు ఆగి ఉంటాయని అనుకోవద్దు. కమిషన్‌కి వెళ్ళాల్సి వస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే, అంటే రాయగడ జిల్లా కమిషన్‌లోనే వెయ్యొచ్చు. కట్టిన ప్రీమియం 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే దాఖలు చెయ్యొచ్చు. మానసిక వేదనకి పరిహారం కావాలంటే కమిషనే దారి. క్లెయిమ్ సొమ్ము, వడ్డీ చాలనుకుంటే అంబుడ్స్‌మన్ తేలిక. మీ కేసులో అంబుడ్స్‌మన్‌తోనే మొదలుపెట్టమంటాను.

గెలిచాక కూడా ఎంత వస్తుందో ముందే లెక్కేసుకోండి, లేకపోతే చెక్కు చూసి మళ్ళీ గొడవ పడాలి. మీ పాలసీలో గది అద్దె రోజుకి బీమా మొత్తంలో ఒక శాతం అని పరిమితి ఉందనుకుందాం. 3 లక్షలకి 3,000. మీరు 5,000 గదిలో మూడు రోజులున్నారనుకుంటే 15,000కి 9,000 ఇస్తారు. డాక్టరు, నర్సింగు, క్యాత్‌ల్యాబ్ (స్టెంటు వేసే గది) వంటి ఖర్చులు 1,20,000 అయితే అదే నిష్పత్తిలో 60 శాతం, అంటే 72,000. కానీ మందులు, స్టెంటు, బెలూను, పరీక్షలకి ఈ కోత పెట్టకూడదు. అవి 1,11,000 అనుకుంటే పూర్తిగా రావాలి. మొత్తం 1,92,000. కొందరు మొత్తం బిల్లుకే 60 శాతం కట్టి 1,47,600 చేతిలో పెడతారు, తేడా 44,400. అందుకే ఆసుపత్రి 'ప్యాకేజీ' అని ఒక్క అంకె రాసిచ్చి ఉంటే విడివిడి పద్దుల బిల్లు ఇప్పుడే అడిగి తెచ్చుకోండి. పాలసీలో జోన్ షరతు ఉందేమో కూడా చూడండి. చిన్న ఊరి చిరునామా మీద తక్కువ ప్రీమియం కట్టి పెద్ద నగరంలో చికిత్స చేయించుకుంటే కొంత శాతం మీరే భరించాలని కొన్ని పాలసీల్లో ఉంటుంది. తక్కువ సొమ్ముకి 'పూర్తి పరిష్కారం' అన్న వోచరు మీద మాత్రం సంతకం పెట్టకండి.

తిరస్కరణ ఉత్తరం చివరి పేరా మళ్ళీ చదవండి. పాలసీ రద్దు చేస్తున్నట్టు కూడా రాసి ఉంటే ఫిర్యాదులో దాన్ని విడిగా ప్రశ్నించాలి. రద్దు చెయ్యకపోతే కోపంతో రెన్యువల్ ఆపకండి. స్టెంటు పడిన మనిషికి కొత్త పాలసీ దొరకడం కష్టం, దొరికినా గడువులన్నీ మొదటికొస్తాయి. 2027 జూన్ దాకా ఆపకుండా కడితే మీ 60 నెలలు నిండుతాయి. రెన్యువల్ తేదీ దాటాక కట్టడానికి గ్రేస్ 30 రోజులున్నా దాని మీద ఆధారపడొద్దు, ఆ రోజుల్లో వచ్చిన ఖర్చు మామూలుగా ఇవ్వరు.

అమ్మగారికి ప్రీమియం పోసి పాలసీ కొనక్కర్లేదు. 70 దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల చికిత్స ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు 29న మొదలైంది. ఒడిశా కూడా 2025లో కేంద్రం వారి ఈ ఆయుష్మాన్ పథకంలో చేరింది. ఆధార్‌లో వయసు సరిగ్గా ఉందో లేదో ముందు చూడండి, పాతకాలం వాళ్ళ ఆధార్లలో పుట్టిన ఏడు ఉజ్జాయింపుగా వేసి ఉంటుంది. ఈ కార్డు పథకంలో చేరిన ఆసుపత్రుల్లోనే చెల్లుతుంది, చేతినుంచి కట్టి తర్వాత అడిగితే తిరిగివ్వరు. విశాఖ వెళ్ళినా చెల్లుతుంది కాబట్టి, అమ్మాయి బిడ్డని చూడ్డానికి బయల్దేరేటప్పుడు కార్డుతో పాటు అక్కడ దగ్గర్లో పథకంలో ఉన్న ఆసుపత్రి పేరు కూడా రాసి ఆవిడ సంచిలో పెట్టండి.